మలుపు తర్వాత కనిపించిన బండి

చీకటిపడ్డాక చిలకలూరిపేట అవతల, రోడ్డు పక్కన కారు దిగిన జాస్మిన్ మెడలో గొలుసు బైకువాడొకడు తెంచుకుపోయాడు. భర్త ఫిలిప్ ఆమెను ఎక్కించుకుని వెంటపడ్డాడు.

"వద్దండీ, పోలీసులకి చెబుదాం."

"వాళ్లొచ్చేదాకా వాడు ఆగుతాడా?"

మలుపులో దుమ్ము కమ్మి బైకు కనపడలేదు. కాసేపటికి మళ్లీ ఎర్రలైటు కనిపించింది. ఫిలిప్ వేగం పెంచాడు. ముందున్న బండీ వేగం పెంచింది. చివరికి అదుపు తప్పి పత్తిచేలో పడింది.

ఇద్దరూ దిగారు. చేలో గుటగుటమని ఏదో చప్పుడు. ఫిలిప్ సెల్‌ఫోన్ లైటు వేశాడు. పడిపోయిన బైకుకి కట్టిన క్యానులోంచి పాలు కారుతున్నాయి.

"దొంగ బండికి క్యాను లేదండీ," అంది జాస్మిన్ మెల్లగా.

"మరి ఇతనెందుకు పారిపోయాడు?"

"మనం తరిమాం కదా."

"ఎవరయ్యా అక్కడ? దెబ్బలు తగిలాయా?" అని ఫిలిప్ కేకేశాడు.

ఎవరూ పలకలేదు. కాసేపటికి పాలు కారే చప్పుడు కూడా ఆగిపోయింది.