గాజుతలుపు అవతల అన్నప్రాశన

2084 మార్చి తొమ్మిది, కదిరి. అన్నప్రాశనకు హాజరైనవారు: ఆరు నెలల హిమజ, అమ్మమ్మ కుళ్ళాయమ్మ, నర్సు షమీమ్. తల్లి నీలవేణి గాజుతలుపు అవతల నిలబడింది. తన తరం వారందరిలాగే వేరుశనగ సోకని సీలువేసిన ఆహారంతోనే పెరిగిన ఆమెకు వేరుశనగ వాసన తగిలినా గొంతు మూసుకుపోతుంది. ఆ గతి బిడ్డకు పట్టకూడదనే ఇప్పటినుంచే వేరుశనగ అలవాటు చేస్తున్నారు.

"నాకూ ఇట్లే పెట్టింటే ఏం పోయేదమ్మా?" అని గాజు అవతలినుంచి నీలవేణి అడిగింది.

"భయపడితిని తల్లీ," అంటూ కుళ్ళాయమ్మ వేరుశనగ కలిపిన జావను పాప నాలుకకు రాసింది.

రెండు గంటలు కనిపెట్టి చూశారు. దద్దుర్లు రాలేదు. కుళ్ళాయమ్మ ఇంకొంచెం జావ నాకించింది.

"ఇదేందవ్వా, నీ వేలు కూడా మింగేట్టుంది!" అని షమీమ్ నవ్వింది.

తలుపులోని మూత అర గుండా షమీమ్ అందించిన అంగీకారపత్రాన్ని నీలవేణి చదివింది. ఇకపై వారానికి మూడు రోజులు ఈ జావ పెట్టాలి. ఆ రోజుల్లో తల్లి బిడ్డను ముద్దాడరాదు. ఆ వాక్యాన్ని మళ్ళీ చదివి, సంతకం చేసి, తన ప్రతిని మడిచి బీరువాలో పెట్టింది.