తాతదేవరకు ఒక సినిమా

“ఇంకోసారి ఆలోచించుకో అక్కా. బండిలో కత్తియుద్ధాల సినిమా కూడా ఉంది,” అన్నాడు ఖంసింగ్, వెదురు గుంజలకు తెర కడుతూ.

బువాలై తల అడ్డంగా ఊపింది. “వద్దు తమ్ముడూ. మొక్కుకున్నప్పుడే ఈ సినిమా పేరు తాతకి చెప్పాను. మాట తప్పకూడదు.”

మాట తప్పకూడదు, సరే. కానీ ఊళ్ళను కాచే తాతదేవర తెల్లవాళ్ళ ప్రేమకథ చూసి ఏం చేసుకుంటాడని ఖంసింగ్ విసుగు. కోరిక తీరినవాళ్ళు తాత గుడి ముందు సినిమా వేయించడం అక్కడి ఆనవాయితీ. పదహారేళ్ళుగా అతను చేసేది అదే పని. అందరూ కొట్లాటలడుగుతారు, కాకపోతే దయ్యాల కథలు. సంగీతం చుట్టూ తిరిగే హాస్యపు ప్రేమకథ, అదీ కింద అక్షరాలు చదువుకుంటూ చూడాల్సిన పరాయి దేశపుది, ఇంతవరకూ ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. దాని కోసం ఖోన్ కెన్ పట్నంలో రీళ్ళు అద్దెకిచ్చే దుకాణాలు మూడు తిరిగాడు. రీళ్ళ డబ్బాల మీద దుమ్ము దులిపేసరికి తుమ్ములు పట్టుకున్నాయి.

నిజానికి అతని విసుగు సినిమా మీద కాదు. నిరుడు వానాకాలంలో ఇదే గుడి మెట్ల మీద మోకరిల్లి, భార్య చంపా బతికితే తొమ్మిది సినిమాలు వేస్తానని మొక్కాడు. చంపా నెల తిరక్కుండా పోయింది. అప్పటినుంచీ ఒకటే ఆలోచన అతన్ని తొలిచేస్తోంది. మొక్కడంలో ఎక్కడ పొరపాటు చేశాడు? తొమ్మిది చాలలేదా? దండం పెట్టే ముందు సారా గ్లాసు పెట్టడం మరిచాడా? తన మొక్కులో లోపమే ఆమెను పొట్టన పెట్టుకుందని గట్టిగా నమ్మాడు. అలాంటివాడు కోరికలు తీరినవాళ్ళ చేతుల్లోంచే కూలి పుచ్చుకుని బతకాలి. అంతకన్నా నరకం ఇంకోటి ఉంటుందా!

బువాలై నది అవతలి ఊరినుంచి బస్సులో వచ్చింది. ఇంటాయన కోసం మొక్కుకున్నాననీ, అది తీరిందనీ బేరమాడిన రోజే చెప్పింది. మూడేళ్ళుగా కడుపులో కంతితో మంచాన పడ్డాడట. పట్నం ఆసుపత్రివాళ్ళు ఇక తమ వల్ల కాదని ఇంటికి పంపేశారట.

బావగారు రాలేదేమని ఖంసింగ్ మాటవరసకి అడిగాడు.

“విహారంలో ఉన్నారు. మొన్ననే అందరం వెళ్ళి దిగబెట్టి వచ్చాం.”

ఓహో అనుకున్నాడు. గండం గడిచిన మగవాళ్ళు గుండు గీయించుకుని బౌద్ధ విహారంలో పదిహేను రోజులు కాషాయం కట్టడం అక్కడ మామూలే. భిక్షువు సినిమా చూడకూడదు కాబట్టి రాలేదన్నమాట. ఆమె వేసుకున్న తెల్లరవిక కూడా, పండగకైనా కర్మకాండకైనా, విహారానికి వెళ్ళొచ్చేవాళ్ళు వేసుకునేదే.

“మరి నొప్పి?”

“లేదు తమ్ముడూ. మూడేళ్ళ తర్వాత ఆ మొహం నొప్పి లేకుండా చూశాను.”

ఖంసింగ్ ఇంకేమీ అడగకుండా వెళ్ళి యంత్రంలో రీలు ఎక్కించాడు.

ముందు చాప తాతది. దానిమీద ఉడికించిన కోడి, సారా గ్లాసు, మల్లెదండ పెట్టి బువాలై వెనక చాప మీద కూర్చుంది. ఊరివాళ్ళు ఓ పదిమంది వచ్చారు. తుంపర మొదలయ్యేసరికి, పైగా ఇందులో కొట్లాటల్లేవని తెలిసేసరికి, ఒక్కొక్కరే లేచిపోయారు. ఎవరున్నా లేకపోయినా మొక్కుబడి సినిమా మధ్యలో ఆపకూడదు. ఖంసింగ్ యంత్రానికి గొడుగు పట్టుకుని, మొహం మాడ్చుకుని, తెరకి వీపు పెట్టి నిలబడ్డాడు.

రెండో రీలు మార్చడానికి తిరిగినప్పుడు కళ్ళు తెర మీద పడ్డాయి. మేడ మీద బాకా ఊదేవాడొకడు, కింద పియానో నేర్పే పంతులమ్మ. ఒకరి మోత ఒకరికి పడదు. వాడు బాకా ఎత్తగానే ఆమె చీపురు కర్రతో పైకప్పుకేసి బాదుతుంది. గొడవ ముదిరి ముదిరి, ఒకరోజు ఆ కర్ర దెబ్బలే వాడి పాటకి తాళమైపోయాయి. వాడు నోరు వెళ్ళబెట్టాడు. ఆమె మాత్రం ఆపకుండా కొడుతూనే ఉంది.

ఖంసింగ్‌కి తెలియకుండానే నవ్వొచ్చింది. చంపా కూడా అంతే. అతను గురకపెడితే వంటింటి రోకలి తెచ్చి గోడ మీద దబదబా కొట్టేది. ఏడాదిగా అతను నవ్వి ఎరగడు. ఇప్పుడు నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాడు. ఇంత మంచి సినిమాని ఇన్నేళ్ళు దుమ్ములో పడేశారే అని బాధపడ్డాడు కూడా.

రీళ్ళు మార్చే సందులో బువాలై చెప్పింది, పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ ఉదోన్ పట్నం వెళ్ళి చూసిన సినిమా అట ఇది. ఆయనకి ప్రాణమట. ఆమె కూడా నవ్వుతోంది, కళ్ళొత్తుకుంటోంది. సంతోషం పట్టలేకపోతోందనుకున్నాడు ఖంసింగ్. అసూయ పడ్డాడు. అసూయపడ్డందుకు సిగ్గూ పడ్డాడు.

సినిమా అయిపోయింది. అతను తెర విప్పకుండా వచ్చి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాడు. సినిమా చాలా బాగుందన్నాడు. ఆ తర్వాత అసలు మాట ఎత్తాడు.

“నేనూ ఈ తాతకే మొక్కానక్కా, మా ఆవిడ బతకాలని. తొమ్మిది సినిమాలన్నాను. వినలేదు. నీ మాట ఒక్క సినిమాకే విన్నాడు. నా వల్లేం తప్పు జరిగిందో తెలియక చస్తున్నాను. నువ్వేమని మొక్కావో చెప్పు, నీకు పుణ్యముంటుంది.”

బువాలై అతని చేతి మీద చెయ్యి వేసింది.

“నీ తప్పేం లేదు తమ్ముడూ. మూడేళ్ళూ బతికించమనే మొక్కాను, నా మాటా వినలేదు.”

ఖంసింగ్ అర్థంకాక ఆమె మొహంలోకి చూశాడు.

“ఆఖరికి, తీసుకుపొమ్మన్నాను.”