టేపు కొస

గుమ్మం ముందు చిన్న సీసా కనబడగానే కూతురు అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ముట్టుకోకమ్మా. నిన్న ఫోన్లో చంపుతామన్నవాళ్లే పెట్టుంటారు."

అమ్మ వినిపించుకోలేదు. సర్కారు ఫోరెన్సిక్ ల్యాబులో సైంటిస్టు ఉద్యోగం వదిలేసి, లాకప్పు చావుల మీద కేసులు నడుపుతున్న మనిషి. బెదిరింపులు ఆమెకు మామూలైపోయాయి. సీసా తీసుకుని వెలుతురుకు పట్టింది.

"రక్తం. లాకప్పులో పోయిన ఆ డ్రైవరుదని చీటీ మీద టైపు చేసుంది. పాడైపోతే పారేశామని ల్యాబువాళ్లు కోర్టుకు చెప్పారే, అదే."

"అయితే కేసు గెలిచినట్టే కదా?"

అమ్మ సీసా తిప్పి చూసింది. మూత చుట్టూ అంటించిన టేపు కొస చిన్నగా లోపలికి మడతపెట్టి ఉంది. దాన్ని చూడగానే ఆమె సీసాను గబుక్కున పిడికిట్లో దాచేసింది. అమ్మ దేన్నైనా దాచడం కూతురు ఎన్నడూ చూడలేదు.

"ఏమైందమ్మా?"

"ఈ మడత నేను ఒక్కడికే నేర్పాను. గోళ్లు కొరుక్కునే అలవాటు వాడికి. టేపు ఊడదీయలేక తంటాలు పడేవాడు. కొస మడిస్తే తేలిగ్గా ఊడుతుందని చూపించాను. ఆ మడత చూసి ల్యాబంతా ఆటపట్టించేది."

"నువ్వు మానేశాక ముఖం చాటేశాడే, అతనా?"

"వాడే. ఇది కోర్టుకెళితే, ఈ మడత చూసి ల్యాబులో ఎవడైనా పోలీసులకు వాడి పేరు చెప్పేస్తాడు."

అమ్మ వీధిలోకి తొంగిచూసి తలుపు గడియ పెట్టింది. వంటింట్లోంచి కత్తెర తెచ్చింది.

"సీలు తీస్తే కోర్టులో చెల్లదని నువ్వే అంటావుగా?"

"చెల్లదు. డ్రైవరు ఎలాగూ పోయాడు. కానీ వీడింకా బతికున్నాడు," అంది అమ్మ, టేపు కత్తిరిస్తూ. "అగ్గిపెట్టె ఇలా ఇవ్వు."