వర్లీన్ ఇప్పించిన మోకాలు

ఆస్పత్రి మంచం మీంచి నా భార్య వర్లీన్ నా చెయ్యి పట్టుకుంది.

“నా జబ్బు పుణ్యమా అని ఈ ఏడాది మన వంతు కట్టాల్సిందంతా కట్టేశాం. డిసెంబరు ఆఖరుదాకా ఇక ఖర్చంతా ఇన్సూరెన్సు వాళ్లదే. నీ మోకాలి ఆపరేషన్ ఇప్పుడే చేయించుకో, ఆరిన్.”

“నువ్విలా ఉంటే నాకు మోకాలా?”

“జనవరి వచ్చిందంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది, మొద్దూ! నువ్వు కుంటుకుంటూ మెట్లెక్కే చప్పుడు వినలేక చస్తున్నా.”

చేయించుకున్నాను. క్రిస్మస్ రాకుండానే ఆమె పోయింది.

మంచు కరిగేసరికి కొత్త మోకాలు కుదురుకుంది. ఒక సాయంత్రం నొప్పన్నది తెలియకుండా చకచకా మెట్లెక్కాను.

పైగదిలోంచి వర్లీన్ గొంతు బెదురుగా వినిపించింది. “ఎవరదీ?”

అప్పటినుంచి రోజూ కుంటుతూనే ఎక్కుతున్నాను.