డాక్టరే రావాలి

"డాక్టరు వచ్చేదాకా మా తమ్ముణ్ణి ముట్టుకున్నావో, చంపేస్తా!" అంటూ అన్నయ్య నర్సు కాలరు పట్టుకుని ఆమెను గోడకేసి కొట్టాడు.

మంచం మీద కత్తిపోటు తిన్న తమ్ముడి పెదవులు నీలంగా మారాయి. ఛాతీలో చేరిన గాలి ఊపిరితిత్తిని నొక్కేస్తోంది.

"డాక్టరు ఆపరేషన్‌లో ఉన్నారు. ఇలాంటప్పుడు ఆగకుండా ఏం చేయాలో పై చదువులో నేర్చుకునే వచ్చాను. వదులు."

"సూదులేసే దానివి, నీకు పై చదువొకటా!" అని చెంప పగలగొట్టాడు.

ఆమె అతని పొత్తికడుపులో మోకాలితో గుద్ది విడిపించుకుంది. తమ్ముడి పక్కటెముకల మధ్య లావుపాటి సూది దించింది. గాలి బుస్సున బయటికొచ్చింది. తమ్ముడు కళ్లు తెరిచాడు.

"భయం లేదు బాబూ, మీ అన్నయ్య ఇక్కడే ఉన్నాడు," అంది, పెదవి మీది రక్తం తుడుచుకుంటూ.

తమ్ముడు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"దగ్గరికి రానివ్వకండి సిస్టర్. పొడిచింది వాడే."