బావి మీది గోడ

"ఇంత నున్నగ చేసిన వాకిలిని తవ్వుమంటే నా చేతులెట్ల ఆడుతయమ్మా?" సుత్తె కింద పెట్టి అడిగాడు జబ్బార్ మేస్త్రీ.

"బండలు తియ్యమంటలేను. సందులల్ల సిమెంటు తీసి ఇసుక నింపు," అన్నది జానకీబాయి.

"నిరుడు నేను మొత్తుకున్నది గదే గద. ఇసుకనే ఉండనియ్యి, వాన నీళ్ళు లోపలికి దిగుతయి, బావికి ఊట ఉంటదంటి. నువ్వేమన్నవు?"

జానకీబాయి వంగి ఒక సందులోని సిమెంటును వేలితో తడిమింది. తను ఏమన్నదో ఆమెకు బాగా గుర్తుంది. ఇసుక సందుల మీద ముగ్గు గీత విరుగుతుంది, సిమెంటే పొయ్యమన్నది. బావి ఎండిపోతదమ్మా అంటే, "మాకు మున్సిపాల్టీ నల్లా ఉన్నది. అటు దిక్కోళ్ళకు ఎండితే ఎండని," అన్నది. గోడ అవతలికి వినపడాలనే కొంచెం గట్టిగా అన్నది.

బావి రెండిళ్ళది. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు బావిని పంచలేక, దాని నోటికి అడ్డంగా రాతి దూలం వేసి, ఆ దూలం మీదనే నడిమి గోడ లేపారు. ఇటు ఒక గిరక, అటు ఒక గిరక. అటువైపు గిరక తోడికోడలు రుక్మాబాయిది. వాళ్ళ గుమ్మం వెనక గల్లీలోకి ఉంటుంది. మూడేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

నిరుటి వానలన్నీ ఆ నున్నటి వాకిలి మీద జారి మోరీలో కలిసిపోయాయి. శివరాత్రి దాటేసరికి బావి అడుగు తేలింది. అప్పటి నుంచి పొద్దున జానకీబాయి ముగ్గుబుట్టతో వాకిట్లోకి రాగానే గోడ అవతల గిరక కిర్రుమనేది. బొక్కెన దిగి, అడుగు బండకు ఠంగుమని తగిలేది. కాసేపు గీకిన చప్పుడు. మళ్ళీ ఠంగు. ఆ చప్పుడుకు ఆమె చేతిలో గీత వంకరపోయేది, అంత నున్నటి వాకిలి మీద కూడా.

"సారుకు చెప్పినవా?" అడిగాడు జబ్బార్.

"ఆయనకు నేను చెప్పుకుంట. మిరుగం వానలు వచ్చేలోపల అయిపోవాలె."

"అయితది, ఫికర్ చెయ్యకు. కని ఒక ముచ్చటమ్మా. అటు దిక్కు రుక్మమ్మ ఇంట్ల నేను చూసిన..."

"వద్దు. ఆ ఇంటి ముచ్చట నాకు చెప్పకు."

కసిరినట్టే ఉంది గొంతు. నిజానికది భయం. ఆ ఇంట్లో బిందెలు ఎక్కడి నుంచి మోస్తున్నారో, ఎవరి నడుము విరుగుతున్నదో వినే ధైర్యం ఆమెకు లేదు.

జబ్బార్ తువ్వాల ముఖానికి చుట్టుకుని ఉలి అందుకున్నాడు. పని మూడు రోజులు పట్టింది. సిమెంటు పెచ్చులు పెచ్చులుగా లేచింది. రెండు బండల అంచులు కూడా విరిగాయి. మానేరు ఇసుక జల్లెడ పట్టి సందుల్లో కూరుతూ అన్నాడు, "నిరుడు గీ సందులు పూడ్చినందుకు మస్తు మెచ్చుకుంటివి. ఇప్పుడు తవ్వినందుకు చాయ్ అన్న పొయ్యి."

చాయ్ తెచ్చి పోసింది కానీ అతని ముఖం చూడలేకపోయింది.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన భర్త జలపతిరావు గేటు దగ్గరే ఆగిపోయాడు.

"మంచిగున్న వాకిలిని గిట్ల చేయించినవేంది?"

"బండ జారుతున్నది. మొన్న నేనే పడబోయిన," అని అబద్ధమాడింది జానకీబాయి.

మిరుగం నాలుగు వానలిచ్చింది. ప్రతి వానకూ ఆమె గడపలో నిలబడి చూసింది. నీళ్ళు మోరీ దాకా పోలేదు. బండల సందుల్లో బుడగలు వేస్తూ కిందికి దిగిపోయాయి.

నాలుగో వాన వెలిసిన మర్నాడు పొద్దున ముగ్గుబుట్టతో వాకిట్లోకి వచ్చింది. పెట్టిన గీతల్లా సందు దగ్గరికి రాగానే విరిగిపోతున్నది. గోడ అవతల గిరక కిర్రుమన్నది. ఆమె చెయ్యి ఆగింది. బొక్కెన దిగింది. ఈసారి ఠంగుమనలేదు, బుడుంగుమన్నది.

ముగ్గుబుట్ట అక్కడే వదిలి బావి దగ్గరికి వెళ్ళింది. మూడేళ్ళలో మొదటిసారి వంగి చూసింది. గోడ పైన మాత్రమే ఉంది. కింద నీళ్ళు ఒకటే. ఆ నీళ్ళలో తన ముఖానికి ఎదురుగా, నెత్తి మీద కొంగు కప్పుకున్న రుక్మాబాయి ముఖం కదులుతున్నది.

"నీళ్ళు అందుతున్నయా రుక్మా?"

అవతల బొక్కెన తాడు ఆగింది.

"అందుతున్నయక్కా."

"నిరుడు నేనొక మాటన్న."

"విన్న. గీ గోడ ఎంత మందమున్నదని."

"తప్పయింది నాది. ఎండిన బావిల ఇన్ని దినాలు బొక్కెనేసి గీకితివి. ఒక్కసారి పిలిస్తే మా నల్లా నీళ్ళు పట్టియ్యకపోదునా?"

నీళ్ళలో ఆ ముఖం నవ్విందో, అల కదిలిందో జానకీబాయికి తెలియలేదు.

"పిలుస్తనే ఉన్న గదక్కా. నువ్వు ముగ్గుకొచ్చే యాళ్ళ చూసి రోజు బొక్కెనేసుడు మరి దేనికనుకున్నవు? నీళ్ళకైతే, మాకు నల్లా వచ్చి రెండేండ్లాయె."