పేరు పెట్టని ఎంజైము

రాత్రి పదకొండైంది. ల్యాబులో ఓ పరిశోధకురాలు ఒక్కతే ఉంది. తమ ల్యాబులో కనిపెట్టిన, జన్యువుల్ని కత్తిరించే కొత్త ఎంజైము గురించి, ఎవరైనా రాసి దిద్దగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో పేజీ మొదలుపెట్టింది. పేరింకా తేలలేదు కనక గుణాలు మాత్రమే రాసి సేవ్ చేసింది.

కాసేపటికి కింద ఇంకో వాక్యం చేరింది: "ఒంటికి తగిలితే ముందు వేలిముద్రలు చెరిగిపోతాయి."

ఎవరి ఆకతాయితనమో అనుకుని తీసేసింది. మళ్లీ వచ్చింది. రాసిందెవరా అని చూస్తే, జ్వరమని వారంగా సెలవులో ఉన్న సీనియర్. వెంటనే ఫోన్ చేసింది.

"ఏంటన్నా ఈ వేళాకోళం? గుండె ఆగినంత పనైంది."

"వేళాకోళం కాదమ్మా. ఆ ఎంజైము తీసిన రోజు నా గ్లౌజు చిరిగింది. ఎవరికీ చెప్పలేదు." ఆ గొంతు అతనిదిలా లేదు. "నువ్వూ ఆ ఎంజైము గొట్టాలే పట్టుకున్నావుగా. వేళ్లు చూసుకున్నావా?"

ఆమె లైటు కింద చెయ్యి చాపింది. బొటనవేలు గాజులా నున్నగా మెరిసింది.

"తర్వాతేమవుతుందన్నా?"

అవతల కీబోర్డు చప్పుడు నెమ్మదిగా మొదలై, ఆగింది.

"నోటితో చెప్పలేనమ్మా. రాశాను, చూడు."

పేజీ మళ్లీ తెరవడానికి మీట ఒక్కటి నొక్కితే చాలు. ఆమె చెయ్యి కదల్లేదు.